పంపుగదిలో రెండో కుర్చీ

పదో తరగతిలోనే చదువు నాకో నమస్కారం పెట్టి వెళ్లిపోయింది గానీ, ఫారాలు నింపడంలో మా ఫ్యాక్టరీలో నన్ను మించినవాడు లేడు. శిక్షణ తరగతి అయ్యాక అభిప్రాయ ఫారం ఇవ్వకపోతే ఆ రోజు హాజరు పడదు. అందుకని అందరూ సంతకం గీకి, ఖాళీ ఫారం నా మొహాన పడేసి పోతారు. రెండు గుక్కల టీ దిగేలోపు నలభై ఫారాల్లో 'చాలా బాగుంది' దగ్గర టిక్కులు కొట్టేస్తాను. ఓసారి కరెంటు పోతే చీకట్లో ఎడంచేత్తో కొట్టాను, ఒక్కటీ గీత దాటలేదు. నమ్మకపోతే మీ ఇష్టం.

నాకు కొరుకుడుపడనివాడు ఒక్కడే, పంపుగది చూసుకునే పెదనాన్న. వరసకు ఎవరికీ ఏమీ కాడు, అందరికీ పెదనాన్నే. ప్రహరీ చివర ఆ గదిలో ఎనిమిది గంటలూ మోటార్ల హోరు, ఆయన, ఒక కుర్చీ. పెద్దమ్మ పోయాక ఇంట్లోనూ అంతేనట, హోరు ఒక్కటే తక్కువ.

శిక్షణ రోజు మాత్రం తెల్లచొక్కా తొడుక్కుని ముందు వరసలో కూర్చుంటాడు. హాలంతా ఖాళీ అయినా ఫారం మీద వంగి రాస్తూనే ఉంటాడు.

"పెదనాన్నా, ఇదేమన్నా పరీక్షా? సంతకం పడేసి వెళ్లు, మిగతాది నేను చూసుకుంటా."

"అడిగారు కదరా. అడిగినప్పుడు చెప్పాలి."

"అడిగినవాళ్లు చదువుతారనా?"

"చదవకపోతే ఎందుకడుగుతారు?"

నవ్వేసి, ఆయనదీ కట్టలో కట్టేశాను.

ఓ రోజు ఫారాల బీరువా ఖాళీ చేయమంటే నాలుగేళ్ల కట్టలు బయటపడ్డాయి. నేను వేసిన ముళ్లు వేసినట్టే ఉన్నాయి. ఆయనవి ఏరి చదివాను. నిప్పు ఆర్పడం మీద శిక్షణైనా, చేతులు కడుక్కోవడం మీద శిక్షణైనా, చివర ఒకటే మాట: 'పంపుగదికి రెండో కుర్చీ ఇప్పించగలరు. వచ్చినవాళ్లు నిలబడలేక వెళ్లిపోతున్నారు.' పదకొండు ఫారాలు.

శిక్షణ హాల్లోంచి ఒక కుర్చీ ఎత్తుకెళ్లి ఇచ్చాను.

"ఎవరు పంపార్రా?"

"పెద్దాఫీసు. నీ ఫారం మేనేజరు రెండుసార్లు చదివాడట, కళ్లద్దాలు తుడుచుకుని మరీ."

నా కోతల్లో ఇంత సులువుగా చెల్లింది ఇంకోటి లేదు. ఆయన కుర్చీని చొక్కా అంచుతో తుడిచి, తన కుర్చీకి ఎదురుగా వేశాడు. కాసేపు చూసి, ఇంకొంచెం దగ్గరికి జరిపాడు.

"కూర్చోరా."

"పనుంది పెదనాన్నా," అని వచ్చేశాను.

నెల తర్వాత మళ్లీ శిక్షణ. ఈసారి ఆయన ఫారమే ముందు తీశాను. 'కుర్చీ అందింది. కృతజ్ఞతలు. ఇంకా ఎవరూ రాలేదు.'

మిగతా ముప్పైతొమ్మిదీ అలాగే బల్ల మీద వదిలేసి పంపుగది వైపు నడిచాను. తలుపు తీసే ఉంది. టిఫిన్ డబ్బా, చేతిగుడ్డ, నీళ్ల సీసా అన్నీ నేల మీద పెట్టుకున్నాడు. రెండో కుర్చీ మాత్రం ఖాళీగా ఉంచాడు.