నరానికీ కండకీ నడుమ

గూడ్సు బండి నడుపుతూ ఒక్క పసుపు దీపాన్ని రెండుగా చూసిన రోజున నాకు జబ్బు చేసిందని తెలిసింది. జబ్బు అంతకు ముందే మొదలై ఉంటుంది. తెలియడం మాత్రం ఆ రోజే.

నేను లోకో పైలట్‌ని. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేనూ నా భార్య సత్యవతీ నిమ్‌పురా క్వార్టర్లలో ఉంటాం. ఆ రోజు ఝాడ్‌గ్రామ్ దాటి ఇంటి వైపు వస్తున్నాం. ఎండ వాలుతోంది. ఇంజన్లో నాతో పాటు అసిస్టెంటు సుబ్రత ఉన్నాడు. సిగ్నల్ కనబడగానే ఇద్దరం దాని రంగు పైకి చెప్పుకోవాలి, అది మా నియమం. నేను "డబుల్ ఎల్లో" అన్నాను.

"డబుల్ కోథాయ్ దాదా? ఏక్‌టాయ్ తో!" అన్నాడు సుబ్రత. రెండెక్కడ, ఒక్కటే కదా అని.

రైలు నడిపేవాడికి ఆ తేడా చిన్నది కాదు. పసుపు ఒక్కటే ఉంటే తర్వాతి సిగ్నల్ దగ్గర ఆగడానికి సిద్ధపడాలి. రెండుంటే ఇంకాస్త దూరం దారి ఉన్నట్టు. నేను ఎడమ కన్ను మూసి చూశాను. దీపం ఒక్కటే. రెండు కళ్ళతో చూస్తే ఒకదాని మీద ఒకటి రెండు. బ్రేకు వేసి వేగం తగ్గించి, సుబ్రత చెబుతూంటే ముందుకు వెళ్ళి, తర్వాతి స్టేషన్లో బండి ఆపేశాను. వాకీటాకీలో స్టేషన్ మాస్టరుకి "కళ్ళు సరిగ్గా కనబడటం లేదు, నేను నడపలేను" అని చెప్పాను. ఆ మాట అన్నప్పుడు నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. వేరే డ్రైవరు వచ్చేదాకా సుబ్రత నా పక్కనే కూర్చున్నాడు.

ఇంటికి వెళ్ళేసరికి సత్యవతి నా ముఖం చూసి, "ఈ కన్నేటయ్యా ఇలాగ వాలిపోయినాది? సాయంత్రం అయితే సాలు, నీ రెప్ప కిందకి జారతంది. నిద్ర సాలక అనుకున్నాను" అంది.

కంటి డాక్టరు చూసి కళ్ళు బాగున్నాయన్నాడు. షుగరు లేదు, బీపీ లేదు. సీటీ బ్రెయిన్ నార్మల్. ఇక్కడ ఒక చిక్కు ఉంది. నా జబ్బు పొద్దుట నిద్రపోయి సాయంత్రం లేచేది. ఆసుపత్రి ఓపీడీ పొద్దుటే కదా. అక్కడ నన్ను చూసినవాళ్ళందరికీ నేను ఆరోగ్యంగా కనిపించేవాణ్ణి. డ్యూటీ ఎగ్గొట్టడానికి వేషాలు వేస్తున్నానని తోటివాళ్ళలో ఒకరిద్దరు అనుకున్నారు. ఆ మాట నా చెవిన పడింది కూడా. ఈలోగా మాంసం నమలబోతే సగంలో దవడ ఆగిపోవడం మొదలైంది. టీ తాగితే ముక్కులోంచి వచ్చేది. మాట ముక్కుతో మాట్లాడినట్టు అయింది. నాలుగు మాటలు మాట్లాడితే అయిదోది నీళ్ళలో మునిగినట్టుండేది.

చివరికి కోల్‌కతాలో న్యూరాలజీ డాక్టరు దగ్గరికి పంపారు. ఆవిడ బెంగాలీ, నడివయసు మనిషి. మా వంతు వచ్చేసరికి సాయంత్రమైంది. రోజంతా బెంచీ మీద కూర్చున్నందుకు మేలే జరిగింది, ఆవిడ ముందుకు వెళ్ళేటప్పటికి నా ఎడమ రెప్ప కనుగుడ్డును సగం కప్పేసింది. ఆవిడ నన్ను పైకి చూస్తూ ఉండమంది. రెప్ప ఇంకా జారింది. నర్సు చేత మంచుముక్కలు తెప్పించి, రబ్బరు గ్లవ్‌లో వేసి, మూసిన కంటి మీద కాసేపు పెట్టించింది. తీసేసి, "అబ్ దేఖియే" అంది, ఇప్పుడు చూడండి అని.

కన్ను తెరుచుకుంది. నాకంటే ముందు సత్యవతి "అమ్మో" అంది.

"ఓలమ్మ, మంచుముక్కకే నయమైపోతదా డాక్టరమ్మా?" అని అడిగింది హిందీలో.

డాక్టరు నవ్వలేదు. "నయం కాదు. కానీ జబ్బు ఎక్కడుందో మంచు చెప్పింది" అంది. తరవాత నెమ్మదిగా, హిందీలో, మాకు అర్థమయ్యేలా చెప్పింది. నాకు గుర్తున్నంత మేరకు ఇది:

"మీ నరం బాగుంది. మీ కండా బాగుంది. రెంటికీ నడుమ సన్నటి ఖాళీ ఉంటుంది, బాధ అక్కడుంది. రెప్ప ఎత్తాలని మెదడు చెప్పగానే నరం చివర నుంచి acetylcholine అనే రసాయనం బయటికి వస్తుంది. అది ఆ ఖాళీ దాటి కండ మీదున్న receptorలకి అంటుకుంటే కండ కదులుతుంది. మీ ఒంట్లో తయారైన antibodyలే ఆ receptorల మీద కూర్చుని వాటిని పాడుచేస్తున్నాయి. మొదటి నాలుగు కదలికలకి మిగిలిన receptorలు సరిపోతాయి. ఆ తర్వాత సరిపోవు. అందుకే పొద్దున్న బాగుంటారు, సాయంత్రానికి వాలిపోతారు."

మరి మంచు ఏం చేసిందని అడిగాను. ఆ ఖాళీలో ఒక enzyme కూడా ఉంటుందట. పని అయిన acetylcholineని వెంటనే ముక్కలు చేసేయడం దాని పని. చల్లదనానికి ఆ enzyme మందగిస్తుంది. రసాయనం ఇంకాస్త సేపు నిలిచి, మిగిలిన కొద్ది receptorలనే మళ్ళీ మళ్ళీ తడుతుంది. "Pyridostigmine అని మాత్ర రాస్తున్నాను. మంచు బయట నుంచి చేసిన పని ఇది లోపల నుంచి చేస్తుంది" అంది.

రక్తపరీక్షలో antibody ఉన్నట్టు తేలింది. జబ్బు పేరు myasthenia gravis. ఛాతీ సీటీలో thymus గ్రంథి ఉండాల్సిన దానికన్నా పెద్దదిగా ఉందని, ఆ antibodyల తయారీకి అదీ ఒక కారణమని, తర్వాత ఆపరేషన్ చేసి తీసేయాల్సి ఉంటుందని చెప్పారు.

మొదటి మాత్ర వేసుకున్న మధ్యాహ్నం మరిచిపోలేను. అరగంటకి అన్నం కలుపుకుని చేపముక్కతో తిన్నాను. దవడ ఆగలేదు. సత్యవతి తినడం మానేసి నన్నే చూస్తూ కూర్చుంది.

ఆ సంతోషంలో, మందు ఎంత ఎక్కువైతే అంత బలం అనుకున్నాను. ఒక పెళ్ళికి వెళ్ళాల్సి వచ్చి నా అంతట నేనే మాత్రలు పెంచాను. నోట్లో ఊట ఆగలేదు, విరేచనాలు, కనురెప్పలూ పిక్కలూ వాటంతటవే అదరడం. పైగా నీరసం. ఫోన్లో డాక్టరు గట్టిగానే అంది: "ఆ రసాయనం మరీ తక్కువైనా కండ లేవదు, మరీ ఎక్కువైనా లేవదు. ఇది మీరు హ్యాండిల్ తిప్పి పెంచుకునేది కాదు."

ఇంట్లో మేం ఆ జబ్బుని దాని పేరుతో పిలవలేదు. నోరు తిరిగే పేరు కాదు. పైగా gravis అంటే తీవ్రమైనదని తెలిశాక ఆ మాట వింటే సత్యవతికి భయం. బంధువులకీ ఇరుగుపొరుగుకీ "నరాల నీరసం" అని చెప్పాం. రానురాను మాకూ అదే పేరు అయిపోయింది.

వానాకాలంలో జ్వరం, దగ్గు పట్టుకున్నాయి. మా ఊళ్ళోనే ఖరిదా పేటలో ఒక క్లినిక్కుకి వెళ్ళాం. నాకు మాట సరిగ్గా రావడం లేదు కాబట్టి సత్యవతే చెప్పింది. ఇంకేమైనా జబ్బులున్నాయా అని అక్కడి డాక్టరు అడిగాడు. నరాల నీరసానికి మాత్రలు వాడుతున్నారని చెప్పింది. ఆయన levofloxacin అనే యాంటీబయాటిక్ రాశాడు. దగ్గు జ్వరానికి రాసే మామూలు మందే.

మర్నాడు మధ్యాహ్నానికి నేను తల నిలబెట్టలేకపోయాను. గెడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. ఉమ్మి మింగుడు పడటం లేదు. పడుకుంటే ఎవరో ఛాతీ మీద కూర్చున్నట్టుంది. మా పక్క క్వార్టర్లో ఎస్తేరు అక్క ఉంటుంది, ఆసుపత్రిలో నర్సు. సత్యవతి పరుగెత్తి పిలుచుకొచ్చింది.

అక్క నా ఎదురుగా కూర్చుని, "రమణా, ఓపాలి ఊపిరి గట్టిగా పీల్సి, మరి ఆపకుండా ఒకటీ రెండూ అని సెప్పు" అంది. నేను ఆరు దాకా వెళ్ళాను. ఏడు గొంతులోనే ఉండిపోయింది.

అక్క ముఖం మారిపోయింది. "సత్తీ, బండి పిలు. ఊపిరి కండ పడిపోతంది ఈడికి. మంచినీళ్ళు కూడా నోట్లో పోయొద్దు!"

మా ఊరి ఆసుపత్రిలో గొంతులోకి గొట్టం వేసి, అక్కడి నుంచి అంబులెన్సులో కోల్‌కతా తీసుకెళ్ళారు. దీన్ని myasthenic crisis అంటారని తరవాత తెలిసింది.

వెంటిలేటర్ మీద ఉన్న రోజుల గురించి చెప్పాలి, ఎందుకంటే చాలామందికి ఇది తెలియదు. నాకు స్పృహ పోలేదు. రెప్పలు ఎత్తలేను, చెయ్యి లేపలేను, గొట్టం వల్ల మాట లేదు. కానీ చెవులు వింటున్నాయి. మందు వల్ల నిద్ర పట్టేది, మెలకువ వచ్చేది, కళ్ళు తెరవడం మాత్రం నా చేతిలో లేదు. మంచం పక్కన ఎవరో నేను నిద్రలో ఉన్నాననుకుని మాట్లాడుకుంటున్నారు. మా న్యూరాలజీ డాక్టరు గొంతు వినిపించింది: "ఉని శోబ్ శున్‌ఛేన్." ఆయన అన్నీ వింటున్నారు అని. ఆ ఒక్క మాటకి నేను మళ్ళీ మనిషినయ్యాను. అవునంటే కాలి బొటనవేలు కదపమంది. కాస్త కదిలింది.

ఆ రోజు సత్యవతిని లోపలికి పంపారు. ఆయనతో మాట్లాడండి అన్నారు. ఆమెకి ఏం మాట్లాడాలో తెలియలేదు. కుళాయి నీళ్ళు సన్నగా వస్తున్నాయంది. పూరీ గేట్ దగ్గర రోడ్డు తవ్వేశారంది. సుబ్రత వచ్చి అడిగి వెళ్ళాడంది. ఆపైన గొంతు తగ్గించి అంది:

"ఆ క్లినిక్కు డాక్టరు ఫోను సేసినాడు. ఆ పేరు ఒక్కమాట సెప్పుంటే ఈ మందు రాసీవోణ్ణి కాదమ్మా అన్నాడు. నాకు నోరు తిరక్క... నానే సంపీసినాను నిన్ను."

కాదు అని చెప్పాలి. ఎలా చెప్పను? బొటనవేలు అవుననడానికే ఉంది. దాన్ని కదిపితే నీదే తప్పు అని నేను ఒప్పుకున్నట్టవుతుంది. నేను వేలు కదపకుండా ఉన్నాను. నా జీవితంలో అంత గట్టిగా కదలకుండా ఉన్నది ఆ ఒక్కసారే. ఆమెకి అది అర్థమైందో లేదో తెలియదు. కాసేపటికి ఆమె చూపుడువేలు నా రెప్ప మీద పడింది. దాన్ని పైకి ఎత్తి పట్టుకుంది.

"సూడు, నానే" అంది.

ఏడ్చి ఏడ్చి ఉబ్బిన ముఖం. దాన్ని నేను చూశాను. రెండుగా కనిపించినా చూశాను.

రోజు విడిచి రోజు plasma exchange చేశారు. రక్తంలోని ప్లాస్మాని యంత్రంతో వేరు చేసి, దానితో పాటు antibodyలనీ తీసేసి, బదులు వేరే ద్రవం ఎక్కిస్తారు. రెండోసారి అయ్యాక రెప్ప దానంతటది కదిలింది. మెడ తర్వాత లేచింది. ఊపిరి అన్నిటికంటే ఆఖరున వచ్చింది. గొట్టం తీసిన రోజు నేను అన్న మొదటి మాట "నువ్వు కాదు". మాట స్పష్టంగా లేక, సత్యవతి నీళ్ళు అడుగుతున్నానేమో అనుకుని నర్సుని పిలిచింది.

డాక్టరుని ఆ మందు గురించి అడిగాను. "అది చెడ్డ మందు కాదు. ఇదే ఆసుపత్రిలో ఎందరికో దానితోనే ప్రాణం నిలుస్తుంది. మీకు మాత్రం, ఆ ఖాళీలో మిగిలిన కాస్త దారినీ అది అడ్డుకుంది. జ్వరం ఒక పక్క నుంచి, అది ఒక పక్క నుంచి" అంది. కొన్ని గుండె మందులు, కొన్ని యాంటీబయాటిక్‌లు, magnesium ఎక్కించడం, ఇవన్నీ అక్కడే దెబ్బ కొట్టగలవని చెప్పింది. ఒంట్లో తీసేసిన antibodyలు మళ్ళీ తయారవుతాయి కాబట్టి వాటిని అణచడానికి steroid, azathioprine మొదలుపెట్టారు. తేరుకున్నాక thymus తీసేశారు. ఛాతీ ఎముక కోసిన నొప్పి తగ్గడానికి చాలా కాలం పట్టింది. Steroidతో ముఖం గుండ్రంగా అయింది, కోపం ఎక్కువైంది. అదంతా సత్యవతే భరించింది.

మెడికల్ బోర్డు నన్ను డీకేటగరైజ్ చేసింది. అంటే ఇక ఇంజన్ ఎక్కకూడదు. అది న్యాయమే. అయినా ఆ కాగితం మీద సంతకం పెట్టి వచ్చి ఇంటి మెట్ల మీద కూర్చుండిపోయాను. సత్యవతి పక్కన కూర్చుంది. "బండి నడపడానికి ఇంకొకడు ఒస్తాడు. నాకు ఇంకొకడు ఒస్తాడేటి?" అంది. నాకు నవ్వు రాలేదు కానీ లేచి లోపలికి వెళ్ళి అన్నం తిన్నాను.

ఇప్పుడు క్రూ లాబీలో పనిచేస్తున్నాను. బళ్ళు ఎక్కే డ్రైవర్లు, గార్డులు డ్యూటీకి వచ్చి నా ముందే హాజరు వేసుకుంటారు. భోజనానికి కాస్త ముందు మాత్ర వేసుకుంటే నమలడం తేలికవుతుంది. కష్టమైన పనులు పొద్దుటి పూటే చేసుకుంటాను. సాయంత్రం ఎవరైనా మాట్లాడబోతే ఎక్కువ విని తక్కువ మాట్లాడతాను. ఎండాకాలం ఒళ్ళు బాగా సడలిపోతుంది. జబ్బు పోలేదు, అదుపులో ఉంది. ఈ రెండు మాటలకీ తేడా తెలుసుకోవడానికి నాకు కొన్నేళ్ళు పట్టింది.

ఈ మధ్య పన్ను పీకించుకోవాల్సి వచ్చింది. పళ్ళ డాక్టరు కుర్చీలో నన్ను కూర్చోబెట్టి సూది తియ్యబోతూంటే సత్యవతి ఆయన చెయ్యి పట్టుకున్నంత పనిచేసింది. "రుకియే. ఇన్‌కో మయస్తీనియా గ్రావిస్ హై" అంది, ఆయన్ని ఆగమని, జబ్బు పేరు ఒక్కొక్క అక్షరం విడదీసి. ఆయన సూది పక్కన పెట్టి, మా న్యూరాలజీ డాక్టరుకి ఫోన్ చేసి, వాడాలనుకున్న మందులు రెండు మార్చాడు. బయటికి వచ్చాక, అంత గట్టిగా అరవాలా అన్నాను. "రోగం పేరు సెప్పడానికి సిగ్గేటి?" అంది.

ఈ జబ్బే కాదు, ఏ పెద్ద జబ్బు ఉన్నవాళ్ళకైనా నేను చెప్పగలిగింది ఇదొక్కటే. మీ జబ్బు పేరు, ఆసుపత్రిలో పిలిచే పేరు, నోటికి వచ్చేలా నేర్చుకోండి. మీతో ఉండేవాళ్ళ చేత కూడా పలికించండి. మీరు మాట్లాడలేని రోజు వాళ్ళే మాట్లాడాలి. దగ్గు మందైనా సరే, పంటి సూదైనా సరే, కొత్త మందు ఏదైనా ఒంట్లోకి వెళ్ళే ముందు ఆ పేరు ఎదుటి డాక్టరుకి వినిపించాలి.