వేలు లేని కొంగ

అరవైల చివర్లో, పెళ్లయిన కొత్తలో, రాజాంలో బియ్యం బస్తాలకు మార్కులు గీసి, రేకులో అచ్చులు కోసేవాడిని. ఓ మిల్లు షావుకారికి కొంగ బొమ్మ చేశాను. కోసేటప్పుడు ఉలి జారి కొంగ కాలివేలు ఒకటి పోయింది. ఎవరు చూస్తారులే అని అలాగే ఇచ్చేశాను.

ఏడాది తిరక్కుండా ఆమదాలవలస స్టేషన్లో ఇంకో మిల్లు బస్తాల మీద షావుకారికి అదే కొంగ కనబడింది. ఆయన కబురెడితే నేను గీసిన కాగితం పట్టుకుని వెళ్లాను. షావుకారు రెండు మిల్లుల బస్తాలూ పక్కపక్కన పెట్టించి, ఆ రెండో మిల్లాయన ముందే, పదిమందిలో నన్ను నిలదీశాడు.

"నా కొంగని ఈడికి అమ్మీసినావేటిరా?"

నా తప్పు దాచుకుంటే నా పరువే పోయేలా ఉంది. కాగితం విప్పాను.

"ఇందులో కొంగ కాలికి మూడు వేళ్లున్నాయి బాబూ. రేకు కోసినప్పుడు నా సెయ్యి జారి ఒకటి పోనాది. మీ బస్తా మీద రెండే, ఈయన బస్తా మీదా రెండే. నేనే మళ్లీ కోస్తే ఆ తప్పు దిద్దుకోనా? మీ బస్తా సూసి దించీసినారు."

షావుకారు వంగి రెండు బస్తాల మీదా వేళ్లు లెక్కపెట్టాడు. అవతలాయన ఆ సాయంత్రమే తన రేకు తెచ్చి మా ముందే సుత్తితో చితక్కొట్టాడు.

కొత్త రేకు కోసిస్తానంటే షావుకారు ఒప్పుకోలేదు. "ఆ వేలు జోలికెళ్లకు. మన సాక్షి అదే."

ఆ తర్వాత గీసిన ప్రతి మార్కులోనూ ఒక తప్పు కావాలనే పెట్టాను.