సైకిలు లేనివాళ్ళకు ప్రవేశం లేదు

నాకు సైకిలు తొక్కడం రాదు. ఈ ముక్క కాగితం మీద పెట్టడానికి నాకు నలభై తొమ్మిదేళ్ళు పట్టింది. ఈత రాదంటే జనం జాలిపడతారు. వంట రాదంటే పెళ్ళాన్ని చూసి జాలిపడతారు. సైకిలు రాదంటే మాత్రం ఎగాదిగా చూసి, కాళ్ళు రెండూ ఉన్నాయో లేదో లెక్కపెట్టుకుంటారు. పదేళ్ళప్పుడు కాకినాడలో అద్దె సైకిలెక్కి మొదటి మలుపులోనే సోడాబండిని గుద్దాను. ఆ పేలుడు సామర్లకోట దాకా వినపడిందనీ, నలభై గోలీసోడాలు గాల్లోకి లేచాయనీ ఇప్పటికీ చెబుతుంటాను. నిజానికి పేలినవి మూడు. కానీ భయానికి మూడైనా, నలభై అయినా ఒకటే. ఆ రోజునుంచీ వెనక బెల్లు మోగితే చాలు, గోడకి బల్లిలా అంటుకుపోతాను.

అలాంటివాణ్ణి, సైకిళ్ళు తప్ప మరేదీ పోకూడని ఒక దారిని దాటాల్సి వచ్చింది. అదీ సింగపూరులో, అదీ నా కూతురి కోసం.

సున్నాల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ కుప్పకూలతాయని లోకమంతా వణికిన రోజులు అప్పుడే గడిచాయి. వాటిని నిలబెట్టమని మాలాంటివాళ్ళని విమానాలకి విమానాలు నింపి దింపుకున్నారు. తీరా ఏదీ కూలలేదు. తెచ్చుకున్నవాళ్ళని వెనక్కి పంపడం మొహమాటమో ఏమో, ఇంకో పని ఇచ్చి కూర్చోబెట్టారు. మేము యీషున్‌లో ఆరో అంతస్తు ఫ్లాటులో ఉండేవాళ్ళం. మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. పక్క ఫ్లాటులో మలేషియాలో పుట్టిన తెలుగు కుటుంబం ఒకటి ఉండేది. వాళ్ళ పిల్లకి పదకొండు. మా అమ్మాయికి ఆ పిల్ల అక్క. ఇద్దరి దగ్గరా చేతిలో పట్టేంత ఆట డబ్బాలుండేవి. ఊళ్ళూ అడవులూ తిరిగి వింత జంతువుల్ని పట్టుకుని, పెంచి, పోటీలకి దింపే ఆట. రెండు డబ్బాలకీ మధ్య ఒక వైరు పెట్టుకుని కారిడారులో చతికిలబడ్డారంటే, తినడానికి పిలిచి పిలిచి ఇద్దరు తల్లుల గొంతులూ పోయేవి. అంతకు రెండు నెలల ముందు వాళ్ళ నాన్న ఉద్యోగం మలేషియాలోని ఈపో ఊరికి మారింది. సామాను లారీ ఎక్కింది. పక్క తలుపుకి తాళం పడింది. మా అమ్మాయి ఆ రోజంతా హోంవర్క్ చేసింది. అది హోంవర్క్ అడక్కుండా చేసిందంటే ఎంత బాధలో ఉందో నాకు తెలుసు.

తర్వాత పరీక్షలొచ్చాయి. మా ఆవిడ ఆజ్ఞ జారీ చేసింది.

"పరీక్షలయ్యేదాకా ఆ డబ్బా నా కంట పడిందా, చెత్త గొట్టంలో పడేస్తాను."

చెత్త గొట్టమంటే ప్రతి వంటింట్లోనూ ఉండే ఇనుప మూత. తీసి వేస్తే ఆరంతస్తులు జారి సరాసరి కిందున్న తొట్టిలో పడుతుంది. మా ఆవిడ అన్న మాట అనగానే చేసే మనిషి. నా మౌత్ ఆర్గన్ ఆ దారినే పోయింది.

మర్నాడు పొద్దున లిఫ్టులో మా అమ్మాయి బడిసంచీలోంచి డబ్బా తీసి నా టిఫిన్ సంచీలోకి జారవిడిచింది.

"నాన్నా, ఒక్క సైకిల్ రోడ్ దాటించి ఇవ్వవా. ఐ కెనాట్. అక్కడ మోటర్‌సైకిల్ గ్యాంగ్ ఉంటారు, చాలా స్కేరీ."

"నాకు సైకిలు..." అని ఆగిపోయాను. కూతురి ముందు ఒప్పుకునే సంగతా అది.

"నువ్వు తొక్కక్కర్లేదు లా." ఆ ఊరి గాలికి దాని మాటల చివర ఒక లా తగులుకుంది. "డౌన్‌హిల్. అదే వెళ్ళిపోతుంది."

అదే వెళ్ళిపోతుందట. సోడాబండి దగ్గర జరిగింది కూడా అదే.

"ఇంకోటి. సేవ్ చేస్తూ ఉండు. మర్చిపోకు, ఓకే?"

రైలెక్కాను. ఖతీబ్ స్టేషను దాటాక పక్కనంతా జలాశయం, లోపలంతా నిద్ర. సంచీ ఒళ్ళో పెట్టుకుని, అందులో చేతులు పెట్టి, దొంగసరుకు చూసుకుంటున్నవాడిలా డబ్బా ఆన్ చేశాను. అగ్గిపెట్టంత తెర మీద చీమంత మనిషి. గేటు దగ్గర కాపలావాడు అడ్డం పడ్డాడు. ఇది సైకిళ్ళ దారి, నడిచేవాళ్ళకి ప్రవేశం లేదన్నాడు. జన్మలో మొదటిసారి ఒక కాపలావాడి మీద నాకు గౌరవం కలిగింది. ఎంత మంచి నిబంధన. అక్కడినుంచే వెనక్కి తిరిగితే ఎంత బాగుండేది. కానీ తెరమీది ఆ చీమంత మనిషి సంచీలో సైకిలు ఉండనే ఉంది. ఎక్కించాను.

ఇక చూడండి. అది దారి కాదు, సముద్రం మీద వేసిన జారుడుబల్ల. వేలు తీస్తే చాలు, సైకిలు దానంతటదే కిందికి దొర్లుతుంది. పైకి చూపే బాణాన్ని నొక్కి పట్టుకుంటేనే నిలబడుతుంది. నేను దాన్ని ఎంత గట్టిగా నొక్కానంటే, ఆ బాణం ముద్ర నా బొటనవేలి మీద చాలా రోజులుంది. కింద వరసగా మోటారుసైకిళ్ళ రౌడీలు. ఒక్కొక్కడు రావణాసురుడికి వేలువిడిచిన మేనమామలా ఉన్నాడు. చూపు కలిస్తే చాలు, కయ్యానికొస్తాడు. నాకు నుదుటినుంచి అరికాళ్ళ దాకా చెమటలు పట్టాయి. రైలు బ్రేకు వేస్తే నా సైకిలుదే అనుకుని సీటు పట్టుకున్నాను.

పక్కన కూర్చున్న స్కూలు యూనిఫారం పిల్ల చాలాసేపు చూసి అంది.

"అంకుల్, గేమ్ ఓన్లీ లా. వై యూ స్వెట్ సో మచ్?"

కాకినాడ గురించి చెప్పాలంటే ఆ పిల్ల దిగాల్సిన బిషాన్ వచ్చేస్తోంది.

సేవ్ మాత్రం మరవలేదు. రెండు నిమిషాలకోసారి చేశాను. చేసినప్పుడల్లా ఆ డబ్బా ఒక ప్రశ్న అడిగేది. పాత రికార్డు ఒకటి ఉంది, దాని మీద రాసెయ్యమంటావా అని. ఇక్కడ మా ఆఫీసు గురించి ఒక మాట చెప్పాలి. అంతకుముందు ఏడాది మాతో పనిచేసే ఒకతను ఇలాంటి ప్రశ్నకే సరేనన్నాడు. ఒక కంపెనీ ఖాతాదార్ల జాబితా మొత్తం ఆవిరైపోయింది. అతను తన కాఫీ కప్పు పట్టుకుని, ఇద్దరు సెక్యూరిటీవాళ్ళ మధ్య లిఫ్టెక్కడం మేమందరం చూశాం. మర్నాడే మా మేనేజరు ప్రతి మానిటరు మీదా చీటీ అంటించాడు. పాతదాని మీద రాయనా అని అడిగితే వద్దను, ముందు నన్ను పిలువు, అని. ఆ చీటీ నా ఎముకల్లోకి దిగిపోయింది. డబ్బా అడిగిన ప్రతిసారీ, బుర్ర కన్నా ముందు వేలే వద్దంది. కూతురి ఆస్తిని కాపాడాను కదా అని తృప్తిగా మళ్ళీ రౌడీల్లోకి జారాను.

మా ఆఫీసున్న రాఫెల్స్ ప్లేస్ చేరేలోపు మూడుసార్లు ఓడిపోయాను. ఓడితే మన జంతువులన్నీ సొమ్మసిల్లుతాయి, మనల్ని కొండమీద ఆసుపత్రికి చేరుస్తారు. ఆపితే ఏమవుతుందోనని డబ్బాని వెలుగుతుండగానే సంచీలో పెట్టేశాను.

మధ్యాహ్నం అందరూ తిండికి హాకర్ సెంటరుకి పోయాక, నా టేబులు దగ్గరే కూర్చుని డబ్బా తీశాను. ఆసుపత్రిలో ఒక మూల కంప్యూటరు కనిపించింది. కంప్యూటరు కనపడితే ఊరుకునే జాతి కాదు మాది. పెళ్ళివారింట్లో కనపడినా ఒకసారి తెరిచి చూస్తాం. తెరిచాను. మా అమ్మాయి పట్టుకున్న జంతువుల్ని దాచే పెట్టె అది. నిండిపోయింది, ఇక చోటు లేదు అని రాసుంది. లోపలికి చూద్దును కదా, ఒకేలాంటి బూడిదరంగు కప్పపిల్లలు ఏడు. ఏడు. పదకొండేళ్ళుగా ఒకే పేరు రెండుసార్లు ఉంటే ఒకటి తీసెయ్యడమే వృత్తిగా బతికినవాణ్ణి. నాకు ఒంటిమీద తేళ్ళు, జెర్రులు పాకాయి. అన్నిటికన్నా బలిసిన కప్పని ఉంచాను. మిగిలిన ఆరింటినీ ఒక్కొక్కటిగా విడిచిపెట్టేశాను. విడిచిన ప్రతిదానికీ తెరమీద బై బై అని వచ్చింది. నేను కూడా బై బై అన్నాను. కూతురి పెట్టె అద్దంలా తుడిచిపెట్టానని మురిసిపోతూ పెరుగన్నం తిన్నాను.

రెండు గంటలకి ఫోను మోగింది.

"నాన్నా." మా అమ్మాయి గుసగుస. "అమ్మ నిద్రపోతోంది. దాటావా?"

"దాటుతున్నా. దారి చాలా పొడుగు."

"బాక్స్‌లోవి ఏం టచ్ చేయకు, ఓకే? అందులో ఒక చిన్న కప్ప ఉంది. లెవెల్ ఫైవ్."

"ఏడున్నాయి కదమ్మలూ. అన్నీ ఒకటే కదా."

"సేమ్ కాదు. అది అక్కది. వెళ్ళేముందు వైర్ పెట్టి ఇచ్చింది. ఓపెన్ చేస్తే అక్క పేరుంటుంది, ఓనర్ అని."

"అక్కని ఇంకోటి అడగొచ్చులే."

"ఎలా? అక్క వాళ్ళ కొత్త నంబర్ మన దగ్గర లేదు కదా. నాన్నా, వింటున్నావా?"

"వింటున్నాను."

"నువ్వు చూసుకుంటావు కదా."

"ఆఁ" అన్నాను.

ఆ ఆఁ నా జీవితంలో చెప్పిన అబద్ధాలన్నిటిలోకీ చిన్నది, బరువులో పెద్దది. ఫోను పెట్టేసి, పెన్సిలు కిందపడిందన్న నెపంతో టేబులు కిందికి దూరి డబ్బా తీశాను. పెట్టెలో ఒక్కటే కప్ప. తెరిచి చూశాను. లెవెల్ ముప్ఫై, ఓనరు మా అమ్మాయే. వెనక్కి తెచ్చే బొత్తాం ఎక్కడైనా ఉందేమోనని ఉన్నవన్నీ నొక్కాను. లేదు. మా ఆఫీసు డేటాబేసులో తీసేస్తే తీసేసినట్టే. దేవుడు దిగివచ్చినా, ముందు ఫారం నింపి మేనేజరు సంతకం తేవాలి. ఇక్కడ ఫారం ఎవరికివ్వాలి?

ఆ సాయంత్రం రైల్లో నాకు కూర్చోవడానికి చోటు దొరికినా కూర్చోలేదు. ఊళ్ళో తప్పిపోయిన పిల్లల గురించి విన్న కథలన్నీ గుర్తొచ్చాయి. ఆ ఐదో లెవెల్ కప్ప ఏ గడ్డిలో ఉందో, ఎవడి సైకిలు కింద పడిందో. ఆంగ్ మో కియో దగ్గర డబ్బా మీది ఎర్రదీపం సన్నబడింది. ఖతీబ్ వచ్చేసరికి ఆరిపోయింది. సెల్స్ అయిపోయాయి.

మా బ్లాకు కింద, స్తంభాల మధ్య ఖాళీ జాగాలో ఒక కొట్టుంది. రెండు సెల్స్ కొన్నాను. వెయ్యలేదు. వేస్తే తెర వెలుగుతుంది, వెలిగితే ఆ ఒంటికప్ప కనపడుతుంది. చదరంగం గళ్ళు చెక్కిన రాతిబల్ల ముందు కూర్చున్నాను. లిఫ్టు చప్పుడైనప్పుడల్లా గుండె ఆరో అంతస్తు దాకా వెళ్ళి వచ్చింది. నాలుగోసారి తలుపు తెరుచుకుని మా అమ్మాయి దిగింది.

"కొత్తిమీర కొనుక్కొస్తానని చెప్పి వచ్చా" అంది. కొట్టులో ఒక కట్ట కొనుక్కుని వచ్చి నా ఎదురుగా కూర్చుంది. "గివ్ లా."

డబ్బా ఇవ్వలేదు. కాకినాడ మలుపులో లాగే, దారి నా చేతిలో లేదని తెలిసిపోయింది.

"నేను బాక్స్ సర్దాను" అన్నాను.

"సర్దడం అంటే?"

"ఒకేలా ఉన్నవాటిని పంపేశాను."

"ఎన్ని?"

"ఆరు."

కొత్తిమీర కట్ట బల్లమీద పెట్టింది. ఏడవలేదు. ఏడిస్తే ఏం చెయ్యాలో నాకు తెలుసు, ఐస్‌క్రీము ఉంది. ఏడవకపోతే ఏం చెయ్యాలో తెలియదు.

"అక్కదీ?"

"అదీ."

బల్లమీది ఒక గడి చుట్టూ వేలితో గీసింది. "బై బై చెప్పిందా?"

"చెప్పింది."

"నువ్వు?"

"చెప్పాను."

నా చేతిలోంచి సెల్స్ తీసుకుంది. డబ్బా వెనక మూత తీసి, పాతవి తీసి, కొత్తవి వేసింది. నేను బయటికి చూస్తూ కూర్చున్నాను. ఎదుటి బ్లాకు కారిడారులో ఎవరివో ఆరేసిన బట్టలు గాలికి ఊగుతున్నాయి. డబ్బా సంగీతం మొదలైంది. బొత్తాలు టకటకలాడాయి. ఆగాయి. మళ్ళీ టకటకలాడాయి.

"నాన్నా."

"ఊఁ."

"నువ్వు సేవ్ చేయలేదా?"

"ఎందుకు చేయలేదు? వందసార్లు చేశాను. అడిగినప్పుడల్లా ఒళ్ళు దగ్గర పెట్టుకుని వద్దన్నాను."

మా అమ్మాయి నా మొహంలోకి చూసింది. డాక్టర్లు అలా చూస్తారు, చెప్పేముందు.

"వద్దంటే సేవ్ అవ్వదు లా, నాన్నా."

"మా ఆఫీసులో..."

"ఇది ఆఫీస్ కాదు. సెల్స్ అయిపోయాయి కదా, సేవ్ చేయనిదంతా పోయింది. నథింగ్ హ్యాపెన్డ్. నువ్వు అసలు సైకిలే ఎక్కలేదు."

తెర నా వైపు తిప్పింది. గేటు ముందు, కాపలావాడికి బారెడు దూరంలో చీమంత మనిషి, పొద్దున ఎలా ఇచ్చిందో అలాగే. పెట్టె తెరిచింది. ఏడు కప్పలు. ఐదోదాన్ని తెరిచింది. ఓనరు దగ్గర ఈపో వెళ్ళిపోయిన పిల్ల పేరు, మొత్తం పెద్ద అక్షరాల్లో. పదకొండేళ్ళుగా కంప్యూటర్ల తిండి తింటున్నవాడికి తట్టని సంగతి, కొత్తిమీరకి వచ్చిన పిల్ల రెండు నిమిషాల్లో తేల్చేసింది.

ఆ చిన్న కప్పని పెట్టెలోంచి తీసి తన వెంట తిరిగే జంతువుల వరసలో మొట్టమొదట పెట్టుకుంది. పాతదాని మీద రాయనా అని డబ్బా అడిగింది. నా చెయ్యి దానంతటదే లేచింది. మా అమ్మాయి ఆ చేతిని పక్కకి నెట్టి, ఎస్ నొక్కింది.

"ఇటియ్యి, రేపు దాటిస్తాను" అన్నాను.

"వద్దు. నేనే దాటతా." ఆగి, నా వైపు చూడకుండా అంది. "గ్యాంగ్‌వాళ్ళు అంత స్కేరీ ఏం కాదు. ఎప్పుడూ ఫైట్స్ అన్నీ అక్కే ఆడేది. నేను చూసేదాన్ని. అంతే."

పైనుంచి మా ఆవిడ గొంతు దిగింది. "కొత్తిమీరకి ఎంతసేపే?"

"కట్ట ముదురుగా ఉందేమోనని చూస్తున్నాం" అని నేను కింద నుంచి కేకేశాను.

"ఏమండీ, మీరూ అక్కడే ఉన్నారా?"

అప్పటికే సైకిలు గేటు దాటింది. వేలు తీస్తే చాలు, దొర్లుతోంది. కింద మొదటి రౌడీ తల తిప్పాడు. ఐదో లెవెల్ కప్ప, తనకన్నా ఆరింతలున్న వాడి జంతువు ఎదుట నిలబడింది.

"నాన్నా" అంది మా అమ్మాయి, తెరమీంచి కళ్ళు తీయకుండా. "నా చెయ్యి వదులు. బటన్స్ నొక్కలేకపోతున్నా."

ఎప్పుడు పట్టుకున్నానో నాకే తెలియదు. వదిలి, రాతిబల్ల అంచు పట్టుకున్నాను.