ఎస్తేరు మేడమ్ ఉపవాసం

ఇవాళ బీరువా తీయగానే నాఫ్తలీన్ ఉండల వాసన గుప్పుమంది. కింద బెంజ్ సర్కిల్ హారన్లు మోగుతూనే ఉన్నాయి, నాకు మాత్రం వన్ టౌన్‌లో ఎస్తేరు మేడమ్ ఇల్లు కళ్ల ముందుకొచ్చేసింది. ఆవిడ నూలు చీరలన్నీ అదే వాసన వేసేవి. మేడమ్ మా నాన్న గోడౌన్ వెనక సందులో ఉండేవారు, డిగ్రీ రోజుల్లో నాకు ఇంగ్లీషు చెప్పేవారు. మహా కోపిష్టి. తప్పు రాస్తే పెన్ను లాక్కునేవారు, ఆ వెంటనే టీ ఇచ్చేవారు.

ఒకరోజు పాఠంలో ‘అటోన్‌మెంట్’ అన్న మాట వచ్చింది. ప్రాయశ్చిత్తం అని రాసేసి ఊరుకున్నాను. మేడమ్ ఊరుకుంటారా! “అర్థం సరే, పుట్టుక తెలుసా? విడిపోయినవాళ్లు మళ్లీ ఒకటైతే, పూర్వం ఇంగ్లీషులో ‘ఎట్ వన్’ అనేవారు. ఆ రెండు మాటలే కలిసిపోయి ఈ మాటయింది. దేవుడూ మనిషీ మళ్లీ కలవడాన్ని చెప్పడానికి బైబిలు అనువాదంలో వాడారు. తప్పుకు పరిహారం అన్న అర్థం తర్వాత వచ్చి చేరింది.”

“అయితే ఒక్కరే కూర్చుని చేసుకునేది కాదన్నమాట,” అన్నాను, తెలివిగా మాట్లాడానన్న సంబరంతో. ఆవిడ ముఖం పాలిపోయింది. మైలవరంలో ఉన్న చెల్లెలు మార్తతో ఆవిడకు మాటల్లేవని ఆ సందంతటికీ తెలుసు. తల్లికి జబ్బు ముదిరినా, కంగారు పెట్టడమెందుకని మేడమ్ కబురు చేయలేదు. మార్తకు కడసారి చూపు దక్కలేదు. అప్పటినుంచీ మేడమ్ ప్రతి శుక్రవారం ఉపవాసం ఉండేవారు. చర్చిలో అందరూ రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడానికి ప్రభువు బల్ల దగ్గరికి వెళ్తే, చెల్లెలితో సమాధానపడనిదాన్ని ఎలా వెళ్తానంటూ బెంచీ మీదే ఉండిపోయేవారు. చెల్లెలి గుమ్మం మాత్రం తొక్కలేదు.

ఆ పాఠం తర్వాత వచ్చిన శుక్రవారమే, “తోడు రా షమీమూ,” అంటూ మైలవరం బస్సెక్కారు. దిగగానే నేరుగా వెళ్లి చెల్లెలి తలుపు తట్టారు. తలుపు తీసిన మార్తగారు అక్కను ఎగాదిగా చూసి, “ఎవరు కావాలండీ?” అన్నారు. ఆ ‘అండీ’ నాకే గుచ్చుకుంది.

“తప్పు నాదే మార్తా. అమ్మను నీకు దక్కనివ్వలేదు,” అన్నారు మేడమ్.

“మర్చిపోలేనక్కా,” అన్నారు మార్తగారు. కళ్లు తుడుచుకుని, “అన్నం తిన్నావా?” అని అడిగారు.

“లేదు. అమ్మ పోయినప్పటినుంచీ శుక్రవారాలు ఉపవాసమే.”

“నన్ను వదిలేసి నువ్వు చేసిన ఉపవాసాలు చాల్లే. కాళ్లు కడుక్కో.”

మేడమ్ తిన్నారు. ఏడుస్తూనే పప్పన్నం తిన్నారు, మారు కూడా వడ్డించుకున్నారు.

నేను రంజాన్ నెలంతా రోజాలు ఉంటాను, అందులో నాకెంతో నెమ్మది. కానీ ఎవరి మనసైనా నొప్పించానని తెలిస్తే మాత్రం కడుపు మాడ్చుకుంటూ ఇంట్లో కూర్చోను. వెళ్లి వాళ్ల తలుపు తడతాను. కొన్ని తలుపులు తెరుచుకోవు. అయినా తడతాను.