తలుపు చిల్లులోంచి వచ్చిన గ్రహణం

అనుమానం పెనుభూతం అంటారు. నాకు ఆ భూతం పుట్టుకతోనే పట్టింది. పాలామె పాలు చిక్కగా పోసిన రోజున కూడా, ఇవాళ నీళ్ళెందుకు కలపలేదా అని ఆలోచించే మనిషిని నేను. అలాంటి దాన్ని తీసుకొచ్చి తాండూరులో, రోజుకు నాలుగు మాటలు కూడా మాట్లాడని అత్త చేతికి అప్పగించారు. ఇక చూడండి నా సంసారం.

మొదటి కడుపు ఆరో నెలలో పోయింది. అంతకు వారం ముందే నేను రైలెక్కి వికారాబాదులో పెళ్ళికి వెళ్ళొచ్చాను. అత్త వద్దన్నా వెళ్ళాను. అంత జరిగాక కూడా ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. తిట్టే మనిషి మనసులో ఏముందో తెలిసిపోతుంది. ఏమీ అనని మనిషి ఏమనుకుంటోందో మనమే కల్పించుకోవాలి, ఆ కల్పన నాకు బాగా వచ్చు.

రెండోసారి ఏడో నెల నడుస్తుండగా, యాభై నాలుగులో, తొలకరి రోజుల్లో సూర్యగ్రహణం వచ్చింది. సాయంత్రం పడుతుందని, విడవకముందే పొద్దు గుంకుతుందని గుడి అయ్యగారు ఇల్లిల్లూ తిరిగి చెప్పిపోయాడు. మా అమ్మ అప్పటికే లేదు కనుక, పుట్టిల్లు ధారూరు వెళ్ళి పడుకునే వీలు లేదు. మంచికీ చెడుకీ అత్తే దిక్కు. కడుపుతో ఉన్నవాళ్ళ మీద గ్రహణం వెలుగు పడితే బిడ్డ పెదవి చీలి పుడుతుందని మా వైపు గట్టి నమ్మకం. గ్రహణం మొర్రి అంటారు. మా వీధి చివర కన్నడం మాట్లాడే వాళ్ళింట్లో అలాంటి పాప ఉండేది. పాలు పట్టిస్తే ముక్కులోంచి వచ్చేవి. ఆ తల్లి కష్టం చూసినదాన్ని కనుక, నేను ఆ మాట నమ్మీ నమ్మకుండానే భయపడేదాన్ని.

గ్రహణం రోజు మధ్యాహ్నమే అత్త పని మొదలుపెట్టింది. పడమటి గదిలో, తలుపుకు ఎదురుగా గోడవారన మంచం వేసింది. ఆ గదికి కిటికీ లేదు. పడమటికి తెరుచుకునే ఒక్క తలుపూ పాతది. చెక్కల సందుల్లో గుడ్డపీలికలు కుక్కి పైన పేడ మెత్తింది. మోకాలెత్తున జొన్నగింజంత చిల్లు ఉంటే అందులో కూడా పీలిక దూర్చింది. అది నా కళ్ళతో చూశాను.

"ఎల్లెలకల పండుకో. కాళ్ళు ముడువకు, గోకకు, చేతిల ఏం వట్టకు. నేను బయటనే కూసుంట," అంది.

బయట గొళ్ళెం పడింది. నా తోడుకు కూర్చుంటోందని ఇంకెవరైనా అనుకునేవారు. నేను మాత్రం కాపలా అనుకున్నాను. ఏ తప్పు చేస్తానా, ఎప్పుడు పట్టుకుందామా అని కూర్చుందనుకున్నాను.

లోపల ఉక్క, పేడ వాసన. మా ఇంటాయన బండల గనిలో గుమస్తా. అక్కడి వాళ్ళతో కలిసి మసి పట్టించిన గాజుముక్కలోంచి గ్రహణం చూస్తానని పోయాడు. ఎంతసేపు అలా పడి ఉన్నానో తెలియదు. ఉన్నట్టుండి నా కడుపు మీద, చీర కుచ్చిళ్ళకు కాస్త పైన, అర్ధరూపాయి బిళ్ళంత గుండ్రటి వెలుగు కనబడింది. తల కాస్త ఎత్తి చూస్తే తలుపు చిల్లులో గుడ్డ లేదు.

అప్పటికి అది ఉట్టి ఎండే. కాసేపటికి ఆ బిళ్ళ పై అంచు అరిగినట్టయింది. చీర ముడత అనుకుని చేత్తో సాపు చేశాను. ముడత పోయింది కానీ అరుగుదల పోలేదు, ఇంకొంచెం లోతయింది. అప్పుడు తెలిసింది నాకు. ఏది చూడకూడదని నన్ను చీకటిగదిలో పెట్టారో, అది నన్ను వెతుక్కుంటూ వచ్చి సరిగ్గా నా కడుపు మీదే కూర్చుంది.

చెయ్యి అడ్డం పెడితే చేతి మీద పడింది. పక్కకు తిరుగుదామంటే కదలకూడదు. అరిస్తే అత్త తలుపు తీస్తుంది, గ్రహణమంతా లోపలికొస్తుంది. దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకుని పడుకున్నాను. లోపల బిడ్డ ఒక్క తన్ను తన్నింది. నాకు ఏడుపొచ్చింది. పొద్దు దిగేకొద్దీ ఆ వెలుగు పైకి జరిగి గోడెక్కింది. మూడో వంతు తరిగిపోయి, ఎర్రబడి, ఆరిపోయింది.

అత్త తలుపు తీసి దీపం పట్టుకొచ్చింది. నా మొహం చూడలేదు. నేరుగా నా కడుపు వైపు చూసింది. ఈమెకు తెలుసు అనుకున్నాను.

ఆ రాత్రి మా ఆయన, "పొద్దును కింది దిక్కు కొరికినట్టయింది," అని చెప్పాడు. నేను చూసింది పైన. ఆ మాట నోటిదాకా వచ్చింది, మింగేశాను. ఈయన గనికే పోయాడా, ఇంకెక్కడికైనా పోయాడా అని అదొక కొత్త అనుమానం. సన్నటి చిల్లులోంచి వచ్చే బొమ్మ తలకిందులుగా పడుతుందని చాలా ఏళ్ళకు ఎవరిదో బడి పుస్తకంలో చూసి, మనసులోనే మా ఆయనకు దండం పెట్టుకున్నాను.

ఇక ఆ గుడ్డ తీసిందెవరు? తలుపు దగ్గర కూర్చున్నది అత్త ఒక్కతే. ఎందుకు తీసిందో కూడా నేనే తేల్చుకున్నాను. మొదటి కడుపు పోగొట్టిన కోడల్ని వదిలించుకుని కొడుక్కి ఇంకో పెళ్ళి చేయాలి. సాక్ష్యాలకు కొదవ లేదు. మర్నాడు పొద్దున్నే ఆ చిల్లును మట్టితో మూసేసింది. పక్కింటామెతో మాట్లాడుతూ నేను రాగానే మాట ఆపేసేది. అన్నం ఎక్కువ పెడితే ఒక అనుమానం, తక్కువ పెడితే ఇంకో అనుమానం. ఎవరైనా పెదవి మాట ఎత్తితే గుమ్మడికాయల దొంగలా నేను భుజాలు తడుముకునేదాన్ని. అదే సమయానికి అత్త కూడా పనేదో ఉన్నట్టు లేచి లోపలికి పోయేది. ఆమె పోవడమే చూశాను గానీ ఎందుకు పోతోందో ఆలోచించలేదు.

భాద్రపదంలో ఒక వానపొద్దున నొప్పులొచ్చాయి. మంత్రసాని బిడ్డను ఎత్తింది. ఆడో మగో ఆమె చెప్పకముందే అత్త చెయ్యి కడుక్కుని వచ్చి, చిటికెన వేలితో పెదవి విప్పి, అంగిట్లో వేలు పెట్టి చూసింది. పాప ఆ వేలును గట్టిగా చీకింది. అత్త అక్కడే నేల మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. కాపురానికొచ్చాక ఆ మనిషి కంట నీరు చూడటం అదే మొదలు.

మంత్రసాని బయటికి పోయాక అడిగాను. "ఎందుకేడుస్తున్నవత్తా? ఆడివిల్ల అనా?"

"గందుకు కాదు బిడ్డా," అంది. అంతవరకూ నన్ను ఓ పిల్లా అనే పిలిచేది. "గా దినం లోపట గాలాడక పరేషానయితవని నా పాణం కొట్టుకున్నది. మబ్బు వట్టి ఉండె, పొద్దు రాదనుకున్న. చిల్లుల గుడ్డ నేనే గుంజిన. కండ్లు మూసుకొని దండం వెట్టుకుంట కూసున్న. కండ్లు తెరిసేవరకు పొద్దు గుంకవట్టింది, ఎండ తలుపు మీదున్నది. నీ మీద వడ్డదో లేదో, అడుగుదామంటే నోరు రాలే. రెండు నెలల సంది నిద్ర లేదు నాకు."

అలవాటు కొద్దీ ఇందులో మోసమేముందా అని వెతికాను. ఏమీ దొరకలేదు. సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

"నా కడుపు మీదనే వడ్డదత్తా," అన్నాను. "నేను సుత చెప్పలే. నువ్వు కావాలని తీసినవనుకున్న. నన్ను ఎల్లగొట్టి నీ కొడుక్కు ఇంకో పెండ్లి చేస్తవనుకున్న."

అత్త కొంగుతో మొహం తుడుచుకుంది. "అనుకుంటవు మరి. నీ జాగల నేనున్నా గట్లనే అనుకుంటుంటి," అంది.

తర్వాత పాపను నా పక్కలోంచి తీసుకుని, వెలుతురు కోసం గుమ్మం దాకా నడిచి, పెదవిని ఇంకొక్కసారి విప్పి చూసుకుంది.