సెలైన్ సీసా మోసిన జెండా కర్ర

నిన్న మా కాలేజీకి కొత్త జెండా సెట్టు వచ్చింది. ప్రిన్సిపాల్ గదిలో కుర్చీ పక్కన నిలబెట్టేది. గుండ్రటి చెక్క పీట, నున్నటి కర్ర, కొసన ఇత్తడి మొగ్గ, ముడత లేని పట్టు జెండా. పెట్టె విప్పగానే వార్నిష్ వాసన గదంతా కమ్ముకుంది. అటెండర్ రాజన్న పాత కర్రను పట్టుకుని, "ఇగ దీన్ని స్టోర్ రూంల పడేస్త మేడం" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. పాపం, కొత్తగా వచ్చినవాడు, అతనికేం తెలుసు? కర్ర అందుకుని పైభాగం తడిమాను. ప్లాస్టర్ జిగురు ఇంకా వేలికి తగులుతోంది. రుక్సానా మేడం కళ్ళముందు నిలిచారు.

బాన్సువాడలోని ఈ ఆడపిల్లల జూనియర్ కాలేజీలో నేను లెక్చరర్‌గా చేరినప్పుడు ఆమె ప్రిన్సిపాల్. ఈ కర్రా, దాని జెండా ఆమె కుర్చీకి కుడిపక్కన ఉండేవి. దుమ్ము ఆమే స్వయంగా దులిపేవారు. ఒక వానరోజు నా గొడుగును దానికి తగిలించబోతే ఆపేశారు.

"అది కొక్కెం కాదమ్మా. ఏదన్న కష్టమొచ్చి ఈ గదిలకు వచ్చినోళ్లు ముందు దాన్నే చూస్తరు. ఇక్కడ నా మాట వింటరు అనిపియ్యాలె వాళ్లకు. అందుకే పెట్టినం."

మీటింగుల్లో చెప్పే మాటలాగే విని ఊరుకున్నాను.

ఆ ఏడు పంద్రాగస్టు నాడు జెండా ఎగరేయడానికి పిలిచిన నాయకుడు ఎంతకీ రాలేదు. కోటగిరి వైపు నుంచి ఏమీ తినకుండా షేర్ ఆటోల్లో వచ్చిన పిల్లలను ఆయన మనుషులు ఎండలో వరసలు కట్టించి నిలబెట్టారు. నీడలో కూర్చోబెట్టమని మేడం ఎంత చెప్పినా, సారు వచ్చేసరికి వరసలు చెదరకూడదంటూ అడ్డం పడ్డారు. చివరికి ఆయన కార్లు వచ్చి గేటంతా మూసేశాయి. సరిగ్గా అప్పుడే లావణ్య అనే పిల్ల స్పృహ తప్పి పడిపోయింది. దవాఖానకు తీసుకుపోవాలి, దారి వదలండని మొత్తుకున్నా ఒక్క కారూ కదల్లేదు.

ఎదురుగా ఉండే ఆర్.ఎం.పి. డాక్టరు గోడ దూకి సెలైన్ సీసాతో వచ్చాడు. పిల్లను మేడం గదిలో చాప మీద పడుకోబెట్టాం. సూది గుచ్చి, సీసా ఎత్తి పట్టుకుని, "ఇది ఎక్కేదాంక గంట పడ్తది, దేనికి కడ్దాం?" అన్నాడతను. మేడం లేచి కర్ర నుంచి జెండా విప్పారు. రెండు కొసలు నా చేతికిచ్చి, కాషాయం, ఆకుపచ్చ తెలుపు కిందికి వచ్చేలా మడిచారు. రెండు అరచేతుల మీద పెట్టుకుని తీసుకెళ్ళి బీరువాలో భద్రపరిచారు. తర్వాత సీసాను కర్రకు పెట్టి ప్లాస్టర్ చుట్టారు. నా చూపు అర్థమైనట్టుంది.

"గొడుగుకు కాదన్న గని, పిల్లకు కాదంటనా?"

ఆమెను పిలవడానికి వచ్చిన నాయకుడి మనిషి గుమ్మంలోనే ఆగి ఫోన్‌తో ఫొటో తీశాడు.

"ఏంది మేడం గిది? జెండా పీకేసి సీసా కడ్తరా? ఇగ ఈ కుర్చీల ఎట్లుంటవో చూస్తం!"

"జెండా బీరువాల పైలంగ ఉన్నది. పిల్లనే పైలంగ లేదు. ముందు గేటుకాడి కారు తియ్యుమను" అన్నారు మేడం.

సాయంత్రానికి ఆ ఫొటో ఊరంతా తిరిగింది. అందులో కర్ర ఉంది, సీసా ఉంది, చాప మీది పిల్ల మాత్రం లేదు. కత్తిరించేశారు! తలచుకుంటే ఇప్పటికీ నా రక్తం మరుగుతుంది. ఆకలితో ఉన్న పిల్లలను ఎండకు మాడ్చినవాళ్ళేమో దేశభక్తులు, పిల్లను బతికించిన మనిషేమో దేశద్రోహి. ఆమె పేరు రుక్సానా కాకపోతే ఆ గొంతులు అంత లేచేవా? రిటైర్మెంటు దగ్గరపడ్డ మనిషిని మారుమూల డోంగ్లి వైపు బదిలీ చేశారు. వెళ్ళే రోజు నేను ఏడుస్తుంటే ఆమే నన్ను ఓదార్చారు.

"ఫికర్ చెయ్యకు. పిల్ల నడుసుకుంట ఇంటికి పోయింది గద."

ఇప్పుడు ఆ కుర్చీలో నేనున్నాను. రాజన్న చేత కొత్త జెండాను పాత కర్రకే కట్టించాను. కడుతుండగానే ఫోన్ మోగింది. ఆనాడు ఫొటో తీసిన మనిషే. ఈసారి పంద్రాగస్టుకు పిల్లలను పొద్దున్నే వరసల్లో నిలబెట్టమన్నాడు.

"పిల్లలు తిన్నాకే వస్తారు, నీడలో కూర్చుంటారు. మీ సారు వేళకు రాకపోతే జెండా వాళ్ళే ఎగరేస్తారు" అన్నాను.



"ఏంది మేడం, మీరు గూడ ఆ రుక్సానా మేడం లెక్కనే మాట్లాడ్తున్నరు?"

బెదిరిద్దామనే అన్నాడు గానీ, ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఇంత గొప్ప మాట నన్నెవరూ అనలేదు.