మా ఇంటి కంప్యూటర్ మస్టర్

కొత్త లాప్‌టాప్‌లో విండోస్ బదులు లినక్స్ వేస్తే, ఆన్ చేసినప్పుడు ఒక బొమ్మ మాత్రమే కనిపించింది. దాన్ని తీసేసి వెనకాల నడిచే వరుసలు కనబడేలా మార్చుకున్నాను. నల్లటి తెర మీద ఒక్కో పనికీ ఒక్కో వరుస, పక్కన ఆకుపచ్చ ‘ఓకే’. చిన్నప్పుడు మణుగూరు బొగ్గుగనుల కాలనీలో మేమున్న క్వార్టర్ గుర్తొచ్చింది.

అక్కడ మా కంప్యూటర్‌కు బొగ్గు దుమ్ము పడకుండా అమ్మ పాత చీర కప్పేది. అది నత్తనడక నడుస్తుంటే, రిపేరు చేసే అతను “పాతదైంది, కొత్తది కొనుండ్రి” అన్నాడు. అమ్మ ఒప్పుకోలేదు. వాళ్లనీ వీళ్లనీ అడిగి, పాతవాటిలోనూ తేలిగ్గా నడిచే లినక్స్‌ను తనే ఎక్కించింది.

ఆన్ చేయగానే వరుసలు పరుగెత్తాయి. గనిలో షిఫ్టుకు ముందు నాన్నవాళ్లకు మస్టర్ పడేది, అంటే హాజరు. రానివాడికి నాగా. ఇదీ అదే అనుకున్నాను. ఇంతలో ఒక వరుస ఎర్రగా వచ్చింది.

“అమ్మా, ఒకడు నాగా పెట్టిండు!”

అమ్మ నవ్వలేదు. “అవ్, పాటలు పాడేటోడు రాలే. ఆగు, పిలుస్త” అని కీబోర్డు ముందు కూర్చుంది. మళ్లీ ఆన్ చేస్తే ఎక్కడా ఎరుపు లేదు. స్పీకర్లోంచి పాట వచ్చింది.

డ్యూటీ దిగిన నాన్న బూట్లతోనే గుమ్మంలో నిలబడి, నేను మస్టర్ సంగతి చెబుతుంటే తెర చూశాడు. “మా షిఫ్టుల గూడ గిట్ల అందరు రారు గదనే! నువ్వే ఓవర్‌మన్‌వి” అన్నాడు. ఓవర్‌మన్ అంటే గనిలో అందరికీ పని అప్పజెప్పే మనిషి. ఆ మాట కాలనీ అంతా తిరిగి చెప్పాను.

ఆ వరుసల అర్థం తర్వాత చదువుకున్నాను. నేననుకున్నదానికీ దానికీ పెద్ద తేడా లేదు, ఎవరి పనికి వాళ్లు వచ్చారని చెప్పడమే. ఓవర్‌మన్ మా అమ్మ అన్న సంగతి మాత్రం ఏ పుస్తకంలోనూ రాయలేదు.